ఎస్తేరమ్మ ఎత్తుకున్న పాట

2023 వానాకాలం మొదట్లో నేను చేవెళ్లలో ఒక విత్తనాలు, ఎరువుల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని కీబోర్డు నేర్పుతుండేవాణ్ణి. పొద్దున మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరు ఉద్యోగం. మధ్యాహ్నం దాటాక జన్వాడ వైపు ఫామ్‌హౌసుల్లో ఉండే పిల్లలకు ఇళ్లకు వెళ్లి పాఠం. సాయంత్రం చేవెళ్ల గది. రోజంతా బీజాపూర్ రోడ్డు మీద, లారీల వెనక, బండి మీదే గడిచిపోయేది. కింద దుకాణంలోంచి పురుగుమందు వాసన మెట్లెక్కి పైదాకా వచ్చేది. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు గానీ నాకు అలవాటైపోయింది.

సంగీతం నేర్పేవాడంటే కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చునే మనిషి అనుకుంటారు జనం. నేను అలాంటివాణ్ణి కాను. ఒక్కచోట కాలు నిలవదు. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను, ఫోన్ తీసి చూస్తాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. ఆ ఏడాది ఈ జబ్బు మరీ ముదిరింది. కారణం కూడా ఉంది.

నా దగ్గరికి రెండు రకాల వాళ్లు వచ్చేవాళ్లు. స్కూలు పిల్లలకు గ్రేడ్ కావాలి. గ్రేడ్ అంటే విదేశీ సంగీత సంస్థలు పెట్టే పరీక్ష, కాగితం మీద రాసి ఉన్న స్వరాలు చూసి తు.చ. తప్పకుండా వాయించాలి. సర్టిఫికెట్ రాగానే ఆ పిల్లలు ఈతకో, కోడింగ్ క్లాసుకో మారిపోయేవాళ్లు. చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లకు కాగితాలు అక్కర్లేదు, వచ్చే ఆదివారానికి చర్చిలో పాట వాయించడం రావాలి. కాస్త చెయ్యి తిరగగానే వాళ్లూ కనపడకుండా పోయేవాళ్లు. ఇన్నేళ్లు ఎవరికి నేర్పాను, ఏం మిగిలింది అని ఆలోచిస్తే చిర్రెత్తుకొచ్చేది. ఫామ్‌హౌసు పెళ్లిళ్లకు సౌండ్ సిస్టమ్ పెట్టే నా స్నేహితుడు ఒకడు "ఈ సరిగమలు ఎన్నొద్దులు చెప్తవురా, నాతోని వచ్చెయ్" అని రోజూ ఫోన్ చేసేవాడు. దసరా దాటాక గది ఖాళీ చేసి వాడితో కలవాలని మనసులో అనేసుకున్నాను.

సరిగ్గా అప్పుడొచ్చింది ఎస్తేరమ్మ. యాభై దాటిన మనిషి. గొడుగు మడిచి గుమ్మం బయట ఆనించి, లోపలికి రాకుండానే అడిగింది.

"సార్, పెద్దోళ్లకు నేర్పుతరా?"

"ఎవరికమ్మా?"

"నాకే."

గొంతు బొంగురుగా, బరువుగా ఉంది. చేతుల నిండా గీరుకుపోయిన మచ్చలు. మొయినాబాద్ దగ్గర ఒక పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పెంచే గులాబీ తోటలో, పూలు కోసే పని చేస్తుందట. ఊరు చేవెళ్ల మండలంలోనే ఆలూరు. ఈ వయసులో, ఈ వేళ్లతో ఏం నేర్చుకుంటుందని నా అనుమానం. అది మొహంలో కనపడిందేమో, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా చర్చిల పాట ఎత్తుకునేది నేనే సార్, పెండ్లయి వచ్చినకాంచి" అంది.

ఊళ్లలోని చిన్న చర్చిల్లో ముందుగా శృతి ఇచ్చేవాళ్లు ఉండరు. ఎవరో ఒకరు మొదటి మాట అందుకుంటారు, ఆ ఎత్తులోనే అందరూ పాడతారు. దాన్నే పాట ఎత్తుకోవడం అంటారు. అది ఎవరికి పడితే వాళ్లకు చేతకాదు. మరీ పైన ఎత్తుకుంటే చరణంలో అందరి గొంతులూ తెగుతాయి, మరీ కింద ఎత్తుకుంటే పాట నేలమీద పాకుతుంది. ఆలూరులో ఆ పని ఎస్తేరమ్మది. పోయిన చలికాలంలో ఆమెకు మెడలో థైరాయిడ్ గడ్డ తీశారు. ఆపరేషన్ బాగా జరిగింది, క్యాన్సర్ కాదని కూడా చెప్పారు. మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు గానీ పైశృతి రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. ఆయన అన్నట్టే అయింది.

"ఇప్పుడు మా ఆయన కృతజ్ఞత కూడిక పెడ్దమంటున్నడు" అంది.

మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఇదొక ఆచారం. ఇంట్లో ఎవరికైనా జబ్బు నయమైతే, ఇల్లు కడితే, పిల్లలకు ఉద్యోగం వస్తే, పాస్టరునీ చుట్టుపక్కల వాళ్లనీ పిలిచి కూడిక పెడతారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, మేలు పొందిన మనిషి లేచి, దేవుడు తనకేం చేశాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. తర్వాత భోజనాలు.

"పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"ఏమని చెప్పాలె సార్ కృతజ్ఞత? పానం ఇచ్చి పాట గుంజుకున్నడని చెప్పాల్నా? నోట్లె పాట లేకుండ స్తోత్రం అంటే అబద్ధమాడినట్టే. దేవుని ముంగట అబద్ధమెట్ల ఆడుత?" మళ్లీ తనే అంది. "నా గొంతు కిందికి వొయింది. నేను ఎత్తుకుంటే ఏడికి వోతున్ననో నాకే తెలుస్తలేదు. ఈ కీబోర్డు పెట్టె ఉంటె, నువ్వు ఈడున్నవని చెప్తది కద. నేనే వాయించుకుంట, నేనే ఎత్తుకుంట. గప్పుడు పెడ్త కూడిక."

ఆమెకు కావలసిందల్లా అది. అందరి ముందూ పాట ఎత్తుకోగలగాలి, అప్పుడే నిజంగా కృతజ్ఞత చెప్పగలుగుతుంది. దసరా దాటాక గది ఖాళీ చేయబోయేవాణ్ణి, సరే అనకుండా ఉండాల్సింది. అన్నాను.

మొదటి రోజునే ఆమెకు తెలిసిన పాటను కీబోర్డు మామూలు తెల్ల మెట్ల మీద వాయించాను. వినగానే తల ఎత్తి, "గిదే, మునుపు ఈడనే పాడేదాన్ని" అంది. నోరు తెరిచింది. రెండో వరుసలో పాట పైకి లేచే చోట గొంతు దారంలా తెగింది. ఆమె కిటికీ వైపు తిరిగి దగ్గింది, దగ్గు రాకపోయినా.

అప్పుడు ట్రాన్స్‌పోజ్ వాడాను. దాని గురించి కాస్త చెప్పాలి. కీబోర్డు మీద పాటను ఏ మెట్టు నుంచి మొదలుపెడితే ఆ శృతి వస్తుంది. శృతి మారితే వేళ్లు పడే చోట్లన్నీ మారతాయి, అన్ని శృతుల్లో చెయ్యి ఆడాలంటే ఏళ్లు పడుతుంది. ట్రాన్స్‌పోజ్ అనే మీట ఆ కష్టం తప్పిస్తుంది. వేళ్లు ఎప్పుడూ అవే తెల్ల మెట్ల మీద ఆడతాయి. మీట నొక్కి అంకె పెంచితే ధ్వని పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి దిగుతుంది. చర్చి కుర్రాళ్లందరికీ మేం ఇలాగే నేర్పుతాం. నేను అంకె తగ్గించుకుంటూ వచ్చి, ఆమె కొత్త గొంతు హాయిగా నిలిచే చోట ఆపాను. తర్వాత ప్రతిరోజూ ఆమె వచ్చేలోపే ఆ అంకె పెట్టి ఉంచేవాణ్ణి.

ఎస్తేరమ్మ నాకంటే తొందర మనిషి. నాలుగు మెట్లు సరిగ్గా పడకుండానే పాట మొత్తం కావాలనేది. వేళ్లు బిరుసెక్కి ఉండటంతో ఒక మెట్టు నొక్కితే పక్కది కూడా మోగేది. "ఈ వేలు ఒకటి మాట ఇనదు" అని ఆ వేలి మీద ఇంకో చేత్తో ఒకటి వేసేది. పాలీహౌస్ బస్సు దిగి నేరుగా వచ్చేది, ఆకలి మీద ఉండేది. నేనేమో తరవాతి పని మీద ధ్యాసతో ఉండేవాణ్ణి. ఇద్దరు తొందర మనుషులు ఒక గదిలో ఉంటే పాఠం ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు.

ఒక సాయంత్రం ఒకే వరుస పదే పదే తప్పుతుంటే నాకు విసుగొచ్చింది. "అమ్మా, ఇంత కష్టమెందుకు, ఫోన్లో ట్రాక్ పెట్టుకుని పాడరాదా" అన్నాను. ట్రాక్ అంటే గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగు.

ఆమె చేతులు తీసేసింది. "నాకు తెల్వదా సార్ అది? నేను మూల వడ్డంక మా ఆడోళ్లు గదే చేస్తున్నరు. స్పీకరు డబ్బా ముంగట వెట్టుకొని పెదవులాడిస్తున్నరు. అండ్ల పాడే పిల్ల ఎవరో, ఏ ఊరిదో. ఒక్కొక్కదానికి నోట్లె ముద్ద వెట్టినట్టు నేర్పిన నేను. సదువు రానోళ్లకు ఒక్కొక్క మాట చెప్పి నేర్పిన. అంత గంగల కలిసింది." గొడుగు తీసుకుని లేచింది. "మీకు గూడ పనిల మనసు లేదు. పాఠం చెప్పుకుంట గడియారం జూస్తరు."

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. కోపం ఆమె మీద కాదు. ఇన్నేళ్లు నేర్పిందంతా గంగలో కలిసిందన్న మాట నా నోట్లోంచి రావాల్సింది, ఆమె నోట్లోంచి వచ్చింది. తర్వాత వారం ఆమె రాలేదు.

వచ్చింది ఆమె భర్త దేవదాసు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయిన మనిషి, నెమ్మదస్తుడు.

"సారూ, జర మీరే సముదాయించాలె. పాస్టరు గారికి చెప్పి కూడికకు దినం వెట్టేసిన. ఎన్ని దినాలని ఆగుత? ఊర్లె అందరు అడుగుతున్నరు, పానం మంచిగైనంక గూడ మౌనమేందని. ఆమేమో నాతోని మాట్లాడుతనే లేదు."

"ఆమెనడగకుండా పెట్టారా?"

"అడిగితే వద్దంటది గద" అన్నాడు, అదేదో మామూలు సంగతే అన్నట్టు.

మర్నాడు ఎస్తేరమ్మే మెట్లెక్కి వచ్చింది. ముఖం గంటు పెట్టుకునే ఉంది.

"ఆయన దినం వెట్టిండు, ఇగ నాకు ఫికర్ వట్టుకున్నది. సాక్ష్యానికి లేపుతరు. గప్పటికి నాకు పాట రాకుంటె నేను లెవ్వ. లేచి అబద్ధం చెప్ప. పదిమందిల ఆయన పరువు వోయినా సరే" అంది.

అది ఊరికే బెదిరింపు కాదు. ఆమె చెప్పిన తీరు చూస్తే నాకు నిజంగానే భయం వేసింది. ఆ రోజు నుంచి ఫోన్ కింద దుకాణంలో ఇచ్చి పైకి వచ్చేవాణ్ణి. రెండు పాటలు పట్టుకుని కూర్చున్నాం. కూడికకు ముందు రోజు ఆమె రెండూ తప్పు లేకుండా వాయిస్తూ, ఆ కింది శృతిలో పాడింది. 

ఆదివారం సాయంత్రం ఆలూరులో వాళ్ల ఇంటి ముందు టెంటు వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరుసల్లో ఆడవాళ్లకు పట్టాలు. నా కీబోర్డే తీసుకెళ్లి, బల్ల మీద అమర్చి, ట్రాన్స్‌పోజ్ అంకె తగ్గించి పెట్టి, ఆమెకు కాస్త వెనక, పక్కగా కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ కాళ్లు ఊపుతూనే ఉన్నాను. ఏ పరీక్ష హాలు బయటా నాకు అంత ఆదుర్దా కలగలేదు.

ఎస్తేరమ్మ మొదటి పాట ఎత్తుకుంది. తప్పు పడలేదు. గొంతు నిలిచింది. మగవాళ్లు బాగా అందుకున్నారు. ఆడవాళ్లు మాత్రం ఆ శృతికి గొంతు దించీ దించీ చివరికి గొణుగుడులో పడ్డారు. కొందరు ఊరికే చప్పట్లు కొట్టారు. పాట అయిపోయింది. అడిగిందే దొరికింది కదా, ఆమె ముఖం వెలుగుతుందని చూశాను. వెలగలేదు. వండినవాళ్లకే రుచి తెలియనట్టు కూర్చుంది. ఇక సాక్ష్యానికి లేవదని నాకు అర్థమైంది. దేవదాసుకూ అర్థమైనట్టుంది, కుర్చీలు సర్దే నెపంతో టెంటు బయటికి వెళ్లాడు.

పాస్టరు గారు బైబిలు వాక్యం చెబుతుండగా గాలి లేచి కరెంటు పోయింది. మైకు బ్యాటరీ మీద ఉంది కాబట్టి ఆయన ఆగలేదు. కాసేపటికి ఫ్యాన్లు తిరిగాయి. ఎస్తేరమ్మ మీట నొక్కి కీబోర్డు ఆన్ చేసుకుంది. వాక్యం ముగిసింది, సాక్ష్యానికి ముందు పాట పాడమన్నారు.

ఆమె మొదటి మెట్టు నొక్కగానే నాకు తప్పు తెలిసిపోయింది. కరెంటు పోయి వస్తే ట్రాన్స్‌పోజ్ సున్నాకు వెళ్లిపోతుంది. కీబోర్డు నేర్పే ప్రతివాడికీ అది తెలుసు. ఆమెకు తెలియదు, అంకె ఎప్పుడూ నేనే పెట్టేవాణ్ణి గనక. పాట ఆమె పాత శృతిలో, ఆమె గొంతు ఇక ఎన్నటికీ చేరలేని ఎత్తులో మోగుతోంది. అప్పటికే ఆమె నోరు తెరిచింది. మొదటి వరుస ఎలాగో గట్టెక్కింది. రెండో వరుసలో పాట పైకి లేచే చోట గొంతు మాయమైంది. నేను లేచి నిలబడ్డాను.

ఆ వరుసను పట్టాల మీది ఆడవాళ్లు అందుకున్నారు. ఎవరూ సైగ చేయలేదు. కష్టపడి అందుకున్నట్టు కూడా లేదు, గొణిగినవాళ్లే గొంతు విప్పేశారు. ముసలివాళ్లు, కోడళ్లు, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒకామె, అందరూ. రెండో వరుస చివర రాగాన్ని తిప్పి ఒక చిన్న విరుపు వేశారు. ఆ పాట నేను చాలా చర్చిల్లో విన్నాను, ఫోన్లలో విన్నాను. ఆ విరుపు ఎక్కడా లేదు. అందరూ ఒకేసారి, ఒకే చోట, ఒకే తీరున వేశారు. పక్కన పట్టా చివర కూర్చున్న పెద్దావిడను వంగి అడిగాను, అది ఎక్కడిదని.

"ఎస్తేరక్కది సార్" అంది ఆవిడ, పాట ఆపడం ఇష్టం లేనట్టు గబగబా. "మునుపు కూలికి వోయి క్యారెట్లు కడిగేకాడ నేర్పింది మాకు."

నేను ఎస్తేరమ్మ వైపు చూసి, వేలితో ట్రాన్స్‌పోజ్ మీట చూపించాను. మార్చమంటావా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. కూర్చోమన్నట్టు గడ్డంతో సైగ చేసింది. నోరు మూసుకునే ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు రెండూ మెట్ల మీద ఉన్నాయి. చరణం అయిపోయాక ఆపాల్సిన చోట ఆపలేదు, మళ్లీ మొదటికి వెళ్లింది. ఆడవాళ్లు కూడా వెళ్లారు. విరుపు వచ్చిన ప్రతిసారీ ఆమె తల కొద్దిగా ఎత్తి వినేది. అంతవరకూ నేను అంతసేపు కదలకుండా కూర్చున్నది లేదు.

పాట అయ్యాక పాస్టరు గారు ఆమె వైపు చూశారు. ఎస్తేరమ్మ లేచింది. మైకు పట్టుకుని పట్టాల మీది ఆడవాళ్ల వైపు తిరిగింది.

"గీ పిల్లలు మంచిగ పాడిండ్రు" అంది. యాభై ఏళ్ల వాళ్లను కూడా కలిపి పిల్లలనే అంది. "నా పాట వోయిందని దేవుని మీద అలిగి కూసున్న ఇన్నొద్దులు. నేనే ముంగట ఎత్తుకునేదాన్ని గద, ఎన్నడు ఎనకకు తిరిగి ఇనలే. ఇయాల గొంతు ఆగిపోయినంక ఇన్న." ఆపైన మాట సాగలేదు. "స్తోత్రం" అని కూర్చుంది. అంతే సాక్ష్యం. టెంటు గుంజ దగ్గర దేవదాసు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

భోజనాలయ్యాక కీబోర్డు సంచిలో పెట్టుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. నాకు ఏదైనా సూటిగా అడిగేయడం అలవాటు.

"అమ్మా, మరి మీ గొంతు పోయిన బాధ తగ్గిందా?"

"ఎట్ల తగ్గుతది సార్. ఉన్నది" అంది. "బాధ ఉండంగ గూడ స్తోత్రం చెప్పొచ్చు. అది అబద్ధం గాదు. గదే తెల్వకుండె నాకు."

తర్వాతి వారం గదికొచ్చి, ఆ మీట ఇక ముట్టవద్దంది. తను పాడే శృతి కాదు, ఊరి ఆడవాళ్లు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ పట్టుకోవడం నేర్పమంది. నల్ల మెట్ల మీద చెయ్యి ఆడాలి, చెవి తయారవ్వాలి, ఏళ్లు పడుతుందన్నాను. "మీరు ఉంటరు గద" అంది. దసరా సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ రాత్రి స్నేహితుడికి ఫోన్ చేసి రానని చెప్పాను. వాడు తిట్టాడు.

నేను స్థిమితపడిపోయానని చెప్పను. ఇప్పటికీ పాఠం మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్తాను, బీజాపూర్ రోడ్డు మీద లారీలను తిడతాను. కానీ ఈ పనిలో ఒక పొరపాటు లెక్క చాలా ఏళ్లు మోశాను. ఎదురుగా కూర్చున్నవాడి వేళ్లు చూసి, వాడు మానేయగానే నేను నేర్పిందీ పోయిందనుకునేవాణ్ణి. నేర్పినవాడు ముందు నడుస్తుంటాడు గనక అది వాడికి వినపడదు. అది మోగేది వెనక, వేరేవాళ్ల నోట్లో. మొయినాబాద్ నుంచి, జన్వాడ నుంచి వెళ్లిపోయిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఎవరికి ఏం వాయిస్తున్నారో, అసలు వాయిస్తున్నారో లేదో నాకు తెలియదు. తెలియకపోయినా పరవాలేదని ఆలూరులో చెవులారా విన్నాను.